జంపఖానా చుట్ట: చెయ్యి అందని చోట ఒక పాప ఆలోచన

పాప వయసు అప్పటికి ఐదేళ్ల ఏడు నెలలు. జూలైలో, ముసురు పట్టిన ఒక ఉదయం, అమ్మా నానమ్మా కలిసి హనుమకొండలో పిల్లలు ఎలా ఆలోచిస్తారో నేను పరీక్షించి చూసే గదికి తీసుకొచ్చారు. అమ్మ చేతిలో బడివాళ్లు రాసిచ్చిన కాగితం, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉంది. అందులో మూడు వాక్యాలున్నాయి. కథలు చెబితే అర్థం చేసుకోవడం లేదు. ఆలోచించి సమాధానం చెప్పడం లేదు. యూకేజీ నుంచి మళ్లీ ఎల్‌కేజీకి పంపితే మంచిది.

"ఇంట్లో గలగలా మాట్లాడుతుందమ్మా. బడి పేరెత్తితే మూగదైపోతుంది" అంది నానమ్మ. పాప ఆమె కొంగు వెనక నుంచి నా బల్ల మీది గోలీల డబ్బా వైపే చూస్తోంది.

(కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, పేరు రాయడం లేదు.)

బడిలో అసలు ఏం అడిగారని అమ్మను అడిగాను. కాకి, కుండ కథ చెప్పారట. కుండ అడుగున నీళ్లు, ముక్కు అందదు, గులకరాళ్లు వేస్తే నీళ్లు పైకి వస్తాయి. కథ అయ్యాక, "నీకు దాహమేస్తే నువ్వయితే ఏం చేస్తావు?" అని టీచర్ ఒక్కొక్కరినీ అడిగారు. ఈ పాప "అమ్మను అడుగుతాను" అంది. తరగతిలో అందరూ నవ్వారు. ఆ తరవాత ఏ ప్రశ్నకూ నోరు విప్పలేదు.

ఐదేళ్ల పిల్లకు అది సరైన జవాబే. దాహమేస్తే అమ్మను అడగాలి. పైగా ఆ కథ వెనక ఉన్న ఉపాయం మనం అనుకున్నంత తేలిక కాదు. 2012లో లూసీ చెక్, ఎల్సా లుయిసెల్, నికోలా క్లేటన్ అనే పరిశోధకులు 4 నుంచి 10 ఏళ్ల పిల్లల ముందు నీళ్లున్న గొట్టాలు పెట్టి, రాళ్లు వేసి నీటిని పైకి తెచ్చే పని ఇచ్చారు. 5 నుంచి 7 ఏళ్ల పిల్లలు కొన్ని ప్రయత్నాలు చేసి నేర్చుకున్నారు, అంతకు ముందు అదే పని చేసిన, కాకి జాతికి చెందిన జే పక్షుల మాదిరిగానే. మొదటిసారే చేయగలిగింది 8 ఏళ్లు, ఆ పైబడిన పిల్లలు. మనం మాత్రం ఒకటో తరగతిలోపే ఆ కథ చెప్పి, వెంటనే దాని సారం ఒప్పచెప్పమంటాం. ఆ కాగితం చదువుతున్నప్పుడు నాకు కలిగిన బాధ బడి మీద మాత్రమే కాదు. మా వృత్తిలో ఉన్నవాళ్లం ఈ సంగతి బళ్లకు చేరేలా ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి రెండు కలయికల్లో మామూలుగా చూడవలసినవి చూశాను. వినికిడి, చూపు బాగున్నాయి. మాట స్పష్టం. 20 వరకు వస్తువులు ముట్టుకుంటూ లెక్కపెట్టింది. బొమ్మ గీయమంటే మగ్గం గీసింది, పడుగు దారాలు ఒక్కొక్కటీ వేరుగా. వాళ్ల బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది కానీ, నేతగాడి ఇంట్లో దానితో పెద్దగా మారిందేమీ లేదని అమ్మ మాటల్లోనే అర్థమైంది. పాప పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడులోనే నిద్రపోయింది.

ఇక పోలిక పట్టడం. ఒక సంగతి తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి దాన్ని మోసుకెళ్లడాన్నే నేను పోలికతో ఆలోచించడం అంటాను. దీన్ని చూడటానికి మొదట బొమ్మల అట్టలు వాడాను. రొట్టె, పక్కన ముక్కలు చేసిన రొట్టె. కింద జామకాయ, దాని పక్కన ఖాళీ. ఐదు బొమ్మల్లోంచి ఆమె కోసిన జామకాయను తీసి పెట్టింది. పచ్చి జామకాయ బొమ్మనూ, ముక్కలు చేసిన మరో రొట్టె బొమ్మనూ పక్కకు నెట్టేసింది. ఉషా గోస్వామి, ఆన్ బ్రౌన్ 1990లో ఇలాంటి అట్టలతోనే 3, 4 ఏళ్ల పిల్లలు కూడా పోలిక పట్టగలరని చూపించారు. కోయడం, కరగడం, తడవడం వంటి, పిల్లలకు బాగా తెలిసిన మార్పులైతే చాలు. పదకొండు, పన్నెండేళ్లు వస్తేగానీ ఇది కుదరదన్న మనస్తత్వవేత్త పియాజే అంచనా అక్కడ వీగిపోయింది. కాబట్టి పాప విషయంలో ఒకటి తేలింది: యంత్రం ఉంది, నడుస్తోంది.

తరవాత పొడుపు కథ. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." పాప వెంటనే, "మా ఇంటి తలుపు చప్పుడవుతుంది" అంది. ఇది నేను వేల సార్లు విన్న తీరు జవాబు. చిన్నపిల్లలకు తలుపు అంటే తలుపే. తెరుచుకోవడం, మూసుకోవడం అనే పనిని తలుపు నుంచి విడదీసి కంటిరెప్పకు అంటించాలంటే రెప్పనూ తలుపునూ ఒకేసారి మనసులో పట్టుకోవాలి. మనస్తత్వ పరిశోధకురాలు డెడ్రీ జెంట్నర్ దీన్ని రూపం పోలిక నుంచి సంబంధం పోలికకు జరిగే మార్పు అంటుంది. పిల్లల భాషలో నేను రూపు పోలిక, పని పోలిక అంటాను. ఆ మార్పు వయసుతో గడియారంలా రాదు, ఆ సంగతి గురించి పిల్లకు ఎంత తెలుసు అన్నదాన్ని బట్టి వస్తుందని జెంట్నర్ వాదన. నా అనుభవం ఆమె వైపే ఉంది.

మూడో కలయికలో అసలు పరీక్ష పెట్టాను. ఇది నా సొంత కల్పన కాదు. 1984లో కీత్ హోలియోక్, ఎలెన్ జున్, డోరిట్ బిల్మన్ చేసిన ప్రయోగాన్ని మన ఇంటి సామానుతో మార్చుకున్నది. పిల్ల కుర్చీలో కూర్చుంటుంది, లేవకూడదు. దగ్గరి గిన్నెలో గోలీలు, చెయ్యి అందనంత దూరంలో ఖాళీ గిన్నె. గోలీలన్నీ అందులోకి చేరాలి. బల్ల మీద కర్ర, పెద్ద చార్టు కాగితం, కత్తెర, దారం, రబ్బరు బ్యాండ్లు, గంటె ఉంటాయి. వాళ్ల ప్రయోగంలో ముందుగా ఒక భూతం కథ చెప్పారు. ఒక కథలో భూతం మంత్రదండంతో సీసాను దగ్గరికి లాక్కుంటుంది. మరో కథలో మాయ తివాచీని గొట్టంలా చుట్టి, దానిగుండా రత్నాలను ఒక సీసా నుంచి మరో సీసాలోకి జార్చుతుంది. దండం కథ విన్న చిన్నపిల్లలు కర్రను తేలిగ్గానే వాడారు. తివాచీ కథ విన్నవాళ్లకు కాగితాన్ని చుట్టడం తట్టడం చాలా కష్టమైంది.

నేను భూతానికి బదులు పేదరాశి పెద్దమ్మను పెట్టాను. మొదటి కథలో పెద్దమ్మ వాగు గట్టున కూర్చుని, కొంకి కర్రతో అవతలి గంపను దగ్గరికి లాక్కుంటుంది. పాప ఆ కథ విని, గిన్నె వైపు చూసి, కాసేపు ఊరుకుని, కర్ర అందుకుంది. దూరపు గిన్నెను లాగి గోలీలు పోసింది. నావైపు చూసి నవ్వింది. ఆ గదిలో అదే ఆమె మొదటి నవ్వు.

వారం తరవాత రెండో కథ. కర్ర తీసేశాను. ఈసారి పెద్దమ్మ తన చాపను చుట్టి, ఒక కొస వాగు ఇవతల, మరో కొస అవతలి గంపలో పెట్టి, ధాన్యం జార్చుతుంది. పాప శ్రద్ధగా వింది. తిరిగి చెప్పమంటే పొల్లు పోకుండా చెప్పింది. తరవాత చార్టు కాగితాన్ని బల్ల మీద పరిచింది. గోలీలను ఒక్కొక్కటే దాని మీద వరసగా పేర్చింది. "ఏం చేస్తున్నావు బిడ్డా?" అంటే, "పడుకోబెట్టాను" అంది.

చాప అంటే పడక. కాగితం చాపలా ఉంది. అందుకే గోలీలు నిద్రపోయాయి. రూపు పోలిక ఇంతకన్నా తేటగా కనిపించడం అరుదు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఓపిక పట్టవలసిన చోట తొందరపడి, "పెద్దమ్మ చాపను ఏం చేసింది, గుర్తు తెచ్చుకో" అన్నాను. పాప వెంటనే కాగితాన్ని చుట్టింది. చుట్టి, నిలువుగా పట్టుకుని, లోపలికి తొంగి చూసి, నాకు ఇచ్చేసింది. నేను అడిగింది చేసింది, అంతే. చుట్టడం గుర్తుంది, ఎందుకు చుట్టారో మనసులో లేదు. నేను అందించిన మాట చేతిని కదిలించింది, ఆలోచనను కాదు. ఆ రోజు పుస్తకంలో "సూచన ఇచ్చాక చేసింది" అని రాసుకున్నాను గానీ, రాత్రి దాన్ని కొట్టేశాను. చేయలేదు.

ఈ ఇబ్బంది చిన్నపిల్లలది మాత్రమే కాదు. మేరీ గిక్, హోలియోక్ 1980లో పెద్దవాళ్లతో చేసిన ప్రయోగం నేను కొత్త టీచర్లకు ఎప్పుడూ చెబుతాను. కడుపులో గడ్డ ఉంది, ఒకే బలమైన కిరణం వేస్తే మంచి కణజాలం కూడా పోతుంది, ఏం చేయాలి? బలహీనమైన కిరణాలను పలు వైపుల నుంచి ఒకేసారి గడ్డ మీద కలిసేలా వేయాలి. పదిమందిలో ఒకరికే తట్టింది. మరికొందరికి ముందుగా ఒక కోట కథ చెప్పారు. సేనను చిన్న దళాలుగా చేసి నలుదిక్కుల దారుల నుంచి ఒకేసారి పంపిన సేనాని కథ. ఓరుగల్లు కోట ప్రాకారాలు చూసినవాళ్లకు ఆ కథ ఇట్టే కళ్ల ముందు కడుతుంది. అయినా దాన్ని వాడుకున్నది పదిమందిలో ముగ్గురే. "ఆ కథ పనికొస్తుంది" అని ఒక్క మాట చెప్పాక నాలుగింట మూడు వంతుల మంది చేశారు. చదువుకున్న పెద్దలే చెప్పందే కోటనూ కడుపునూ కలపలేకపోతే, ఐదేళ్ల పిల్ల చాపనూ కాగితాన్నీ కలపలేదని ఎల్‌కేజీకి పంపుతామా?

ఆ శనివారం కొత్తవాడకు వెళ్లాను. ఇంటి సందర్శన ప్రతి కేసులోనూ చేస్తాను, ఈసారి మాత్రం అదే దారి చూపించింది. పాప వాళ్ల బాపు నేత పూర్తయిన జంపఖానాను దులిపి, నేల మీద పరిచి, ఒక కొస నుంచి గట్టిగా చుడుతున్నాడు. చుట్ట తయారవగానే పాప పరుగున వచ్చింది. దారం చుట్టే ఖాళీ కండెలు రెండు తెచ్చి చుట్ట ఒక కొసన దూర్చింది. చుట్టను తన చిన్న భుజంతో ఎత్తి పట్టి, అవతలి కొసకు పరుగెత్తి, కండెలు వచ్చాయా అని చూసింది. ఒకటి వచ్చింది. "నేత చెడిపోతుంది, వద్దు బిడ్డా" అని నానమ్మ కసిరింది. నాకు మాట రాలేదు. నా గదిలో కాగితం మీద గోలీలను పడుకోబెట్టిన పిల్ల, ఇక్కడ రోజూ గొట్టంగుండా కండెలు పంపుతోంది.

జ్ఞానం లేక కాదు. ఆ జ్ఞానం జంపఖానాకు కట్టేసి ఉంది. దాన్ని విప్పడమే నా పని.

ఇంకో సంగతి కూడా అప్పుడే స్పష్టమైంది. కర్ర కర్రగానే లాగుతుంది. కాగితం కాగితంగా ఉండి ఏమీ చేయదు, ముందు దాన్ని మరొకటిగా మార్చాలి. ఉన్న పనిముట్టును వాడటం ఒక మెట్టు, లేనిదాన్ని తయారు చేయడం ఇంకో మెట్టు. సారా బెక్, ఆమె తోటివాళ్లు 2011లో లోతైన గొట్టం అడుగున పిడి ఉన్న చిన్న బకెట్టు పెట్టి, వంగే తీగ ఒకటి పిల్లల చేతికిచ్చారు. తీగను కొక్కెంలా వంచాలని 3 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో చాలా కొద్దిమందికే తట్టింది. ఎలా వంచాలో చూపించాక మాత్రం తేలిగ్గా చేశారు. చేతకాక కాదు, తట్టక.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ఒక్క కథ చెప్పి ఫలితం కోసం చూడటం మానేశాను. రెండు కథలు పక్కపక్కన పెట్టాను. ఒకటి పెద్దమ్మ చాప. రెండోదాన్ని కొత్తగా అల్లాను: ముళ్లకంచెకు అవతల ఉన్న చెల్లికి రేగుపండ్లు ఇవ్వాలని ఒక పిల్లవాడు అరటాకును చుట్టి, కంచె సందులోంచి పండ్లు జార్చుతాడు. రెండింటికీ బొమ్మలు గీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి, "ఈ రెండు కథల్లో ఒకేలా ఉన్నదేమిటి?" అని అడిగి ఊరుకున్నాను. మనసులో 20 వరకు లెక్కపెట్టాను. అంతసేపు ఊరుకోవడం ఎంత కష్టమో పిల్లలతో పనిచేసేవాళ్లకే తెలుసు.

"ఇద్దరికీ చెప్పులు లేవు" అంది పాప.

నిజమే, నేను ఇద్దరినీ ఒట్టికాళ్లతో గీశాను. "అవును, చెప్పులు లేవు. ఇంకా?" అన్నాను. తప్పు అనలేదు. ఎందుకంటే ఆమె పోల్చింది. రెండు బొమ్మల మధ్య చూపు అటూ ఇటూ తిరిగింది. పోల్చడం మొదలైతే చాలు, పైపై పోలిక దగ్గర మొదలైనా మెల్లగా లోపలికి దిగుతుంది. ఆ రోజు అంతకు మించి ఏమీ రాలేదు. కలయిక ముగించాను.

నానమ్మకు ఇంటి పని అప్పగించాను. రాత్రి ఏ కథ చెప్పినా చివర నాలుగు ప్రశ్నలు అడగమన్నాను: ఎవరి కథ, వాళ్లకు ఏం కావాలి, ఏది అడ్డం వచ్చింది, ఎలా దాటారు. ఇది ఆన్ బ్రౌన్, కేన్, ఎకోల్స్ 1986లో రాసిన పనినుంచి తీసుకున్నాను. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో, కథలోని గమ్యాన్నీ అడ్డంకినీ ఉపాయాన్నీ పట్టుకున్నవాళ్లే ఆ ఉపాయాన్ని కొత్త చోటికి తీసుకెళ్లారని, అలాంటి ప్రశ్నలు అడిగితే మిగతా పిల్లలూ తీసుకెళ్లగలిగారని వాళ్లు చూపించారు. నానమ్మకు ఆ పేర్లేవీ అక్కర్లేదు. "ఇదంతా మా అమ్మ నన్ను అడిగేదే" అంది. ఆమె మాట కాదనలేను. మధ్యలో మనమే వదిలేశాం. కథ కాగానే నీతి చెప్పేసి దీపం ఆర్పడం మొదలుపెట్టాం.

తరవాతి వారం పాప గదిలోకి వస్తూనే బొమ్మల దగ్గరికి వెళ్లింది. నేను ప్రశ్న అడగలేదు. వేలితో పెద్దమ్మ చేతిని ముట్టుకుంది, పిల్లవాడి చేతిని ముట్టుకుంది. "ఇద్దరి చెయ్యీ అందదు" అంది.

ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. చెప్పుల నుంచి చేతికి, చేతి నుంచి అందకపోవడానికి వచ్చింది. అడ్డంకిని తన మాటల్లో పట్టుకుంది. అప్పటి నుంచి మేం వాటిని "చెయ్యి అందని కథలు" అన్నాం. ఆ పేరు నేను పెట్టలేదు, ఆమె పెట్టింది, నేను వాడుకున్నాను. సంబంధానికి ఒక పేరు దొరికితే పిల్లలు దాన్ని పట్టుకుని నడుస్తారు. రాటర్‌మన్, జెంట్నర్ 1998లో మూడేళ్ల పిల్లలతో పరిమాణం వరసలు పోల్చే ఆట ఆడించారు. మామూలుగా వాళ్లకు అది కష్టం. పెద్దదాన్ని నాన్న, మధ్యదాన్ని అమ్మ, చిన్నదాన్ని పాప అని పిలిస్తే బాగా చేయగలిగారు.

ఆ ఆటను నేను ఆశ్వయుజంలో బతుకమ్మతో ఆడించాను. ఈ ఊళ్లో అంతకన్నా మంచి సామాను ఎక్కడ దొరుకుతుంది? కింద గుమ్మడి ఆకులు, వాటి మీద తంగేడు, గునుగు, కట్ల, బంతి, వరస మీద వరస, పైకి పోయేకొద్దీ చిన్నదవుతూ. ముందు చిన్న బతుకమ్మ పక్కన పెద్ద బతుకమ్మ పెట్టాం. ఒక దానిలో నేను నడిమి వరస కింద గోలీ దాచితే, రెండోదానిలో అదే వరస వెతకాలి. అది వచ్చాక బతుకమ్మ పక్కన మూడు గిన్నెలు పెట్టాం. అదీ వచ్చాక గిన్నెల పక్కన మూడు చప్పట్లు: మెల్లగా, ఇంకొంచెం గట్టిగా, బాగా గట్టిగా. "ఇదీ బతుకమ్మే, తలకిందులు బతుకమ్మ" అంది పాప. చప్పుడు పెరుగుతోంది, బతుకమ్మ తగ్గుతోంది, దాన్ని గమనించింది. పరిమాణం పోలిక నుంచి రంగు చిక్కదనం పోలికకు దాటడం నాలుగేళ్ల పిల్లలకు నేరుగా కుదరదని, దగ్గరి పోలికలు ముందు చేయిస్తే దూరపు పోలికలు అందుతాయని కొటోవ్స్కీ, జెంట్నర్ 1996లో చెప్పింది ఈ తరహా మెట్ల గురించే. వాళ్లూ అప్పుడు "ఇంకా, ఇంకా" అన్న అర్థం వచ్చే పేర్లు పిల్లలకు నేర్పారు.

ఇక ఫలితం పరీక్షించాలి. సెప్టెంబరులోనే, బతుకమ్మ ఆటకు ముందు, ఏడో వారంలో ఒకసారి చూశాను. చార్టు కాగితం బల్ల మీద పెట్టలేదు. బదులుగా మందపాటి ప్లాస్టిక్ పట్టా, దారం, రబ్బరు బ్యాండ్లు, చిన్న పలక, గంటె పెట్టాను. గోలీల బదులు శనగలు. గిన్నెల బదులు ఒక డబ్బా, ఒక బుట్ట. కథ ఏదీ చెప్పలేదు, వెనకటి కథల మాటెత్తలేదు. పాప ముందు గంటెతో శనగలు విసిరింది, సగం నేల మీద పడ్డాయి. ఆగింది. బుట్ట వైపు చెయ్యి చాపింది, చేతిని చూసుకుంది. తరవాత పట్టా అందుకుని చుట్టింది. వదిలితే విప్పుకుపోయింది. మళ్లీ చుట్టి, "టీచర్, ఇక్కడ పట్టుకో" అని ఒక కొస నా చేతిలో పెట్టి, రబ్బరు బ్యాండు తొడిగింది. శనగలు జారాయి. గడియారం చూశాను, నాలుగు నిమిషాల పైన పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో నేను అన్నది "పట్టుకున్నాను" అన్న ఒక్క మాట.

ఎందుకు పట్టా చుట్టావని అడిగితే, "చెయ్యి అందదు కదా" అంది. చాప అనలేదు, అరటాకు అనలేదు.

దసరా సెలవుల తరవాత నానమ్మ ఇంకో సంగతి చెప్పింది. సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్టకు వెళ్లే రోజు, నువ్వుల సత్తు పిండి చేస్తూ, మిగిలిన నువ్వులను సన్నమూతి సీసాలో పోయబోతే ఒలికిపోతున్నాయట. పాప గోడమీది పాత క్యాలెండరు కాగితం చింపి తెచ్చి చుట్టి, సీసా మూతిలో పెట్టి, "చెయ్యి అందదు కదా నానమ్మా, సీసాలోకి" అంది. అక్కడ అడ్డంకి దూరం కాదు, ఇరుకు. అందకపోవడం అన్న ఆమె మాట ఇప్పుడు దూరకపోవడాన్ని కూడా కలుపుకుంది. ఆ సంగతి విన్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

కానీ ఇక్కడ ఆగి లెక్క సరిచూడాలి. కిరాణా కొట్టులో కాగితం పొట్లం చుట్టడం ఆమె చూడలేదని చెప్పలేను. క్యాలెండరు ఉపాయం అక్కడి నుంచీ వచ్చి ఉండవచ్చు. ఎక్కడ చూశావని అడిగితే "పెద్దమ్మ చాప" అంది కానీ, జరిగిపోయాక పిల్లలు చెప్పే కారణం మీద నేను ఎక్కువ బరువు పెట్టను. పైగా ఇది ఒక్క పిల్ల కేసు. మూడు నెలల్లో పిల్లలు వాళ్లంతట వాళ్లు కూడా పెరుగుతారు. ఏడో వారం శనగల పరీక్షనే నేను గట్టి ఆధారంగా తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ సామాను, సందర్భం అన్నీ మారాయి, నోరు నేను కట్టేసుకున్నాను.

మారనివి కూడా ఉన్నాయి. అక్టోబరు చివర కాకి కథను చేతలతో పెట్టాను. పొడవు గాజు గ్లాసు, అడుగున నీళ్లు, తేలే బెండు ముక్క, పక్కన గులకరాళ్లు. పాప గ్లాసు వంచబోయింది, వంచకూడదన్నాను. పుల్లతో బెండును పొడిచింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి అనుకోకుండా ఒక రాయి పడి నీరు కదలడం చూసి, ఆశ్చర్యంగా ఇంకో రాయి వేసింది. తరవాత ఆపకుండా వేసింది. కథ అప్పటికి ఆమెకు నోటికి వచ్చు. నోటికి రావడం వేరు, చేతికి రావడం వేరు. ఆమె వయసుకు ఇది సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది, నేనేమీ కంగారు పడలేదు. బడి వర్కుషీట్లలో ఆమె వేగం కూడా పెద్దగా మారలేదు, అచ్చుబొమ్మల పక్కన గీతలు కలపడం ఆమెకు ఇప్పటికీ విసుగే.

బడికి రెండు పేజీల ఉత్తరం రాశాను, తరవాత వెళ్లి కలిశాను. తప్పు పట్టడానికి వెళ్లలేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూడమంటోంది, ఐదున్నరేళ్లకే ఒక పిల్లను వెనక్కి పంపడం ఆ దశను మధ్యలో తెంచడమే అవుతుందని చెప్పాను. పాప వీడియో చూపించాను. క్లాసు టీచర్ చిన్న వయసు అమ్మాయి, శనగలు జారడం చూసి కళ్లు తుడుచుకుంది. కథ చెప్పి ఒక్కో పిల్లను నిలబెట్టి అడగడానికి బదులు, రెండు కథలు చెప్పి ఇద్దరిద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి "ఒకేలా ఏముంది?" అని అడిగి చూడమన్నాను. నలభై మంది ఉన్న తరగతిలో అది కష్టమని అంది. కష్టమే. అయినా మొదలుపెట్టింది. పాపను యూకేజీలోనే ఉంచారు.

సంక్రాంతి తరవాత చివరిసారి కలిశాం. పాపకు ఆరేళ్లు నిండాయి. పై పళ్లు రెండు ఊడాయి. గదిలోకి రాగానే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "ఇవాళ నేను అడుగుతాను టీచర్" అంది. నానమ్మ తలుపు దగ్గరే నిలబడి నవ్వుతోంది. ఈ పొడుపు కథ కూర్చడంలో ఆమె చెయ్యి కూడా కొంత ఉండే ఉంటుంది.

"పరిస్తే పడక, చుడితే దారి. ఏమిటది?"

నాకు జవాబు వెంటనే తెలిసింది. గొంతు దాటి రాలేదు. పాప నన్ను తొందరపెట్టలేదు. బల్ల కింద వేళ్లు మడుస్తూ, పెదవులు మెల్లగా కదుపుతూ, 20 వరకు లెక్కపెడుతోంది.